మర్యాద లేని ఊరు

కొర్లపాటిలంకలో ఆకలితో చచ్చినవాడు లేడుగానీ, తినలేక పారిపోయినవాళ్ళు చాలామందే ఉన్నారు. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడైనా, జనాభా లెక్కలకు వచ్చిన మాస్టారైనా, ఆఖరికి బాకీ వసూలుకు వచ్చిన ఫైనాన్సు కుర్రాడైనా సరే, ఒక బొండం తాగకుండా, నాలుగు ముద్దలు తినకుండా ఆ ఊరు దాటిన పాపాన పోలేదు. గోదావరి గట్టు కింద ఊరది. వరదొస్తే సగం మునుగుతుంది, తీస్తే తేలుతుంది. మర్యాద మట్టం మాత్రం ఏ కాలంలోనూ తగ్గదు.

అలాంటి ఊరికి బస్సొచ్చింది. ఇక చూసుకోండి.

ఆ బస్సు దానంతటది రాలేదు. ప్రసన్న తెప్పించింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు కదా, ఆమె అడిగిన అడుగుడుకి డిపోలో ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరు మాణిక్యాలరావు హడలిపోయాడు. గేటు దగ్గర ఆమె చీర అంచు కనిపిస్తే చాలు, కుర్చీలోంచి లేచి వెనక వరండాలోకి వెళ్ళిపోయేవాడు. ఆమె అక్కడికీ వెళ్ళేది.

"మా ఊరికి రోడ్డుందండి. జనం ఉన్నారండి. ఓట్లు కూడా ఉన్నాయండి. బస్సొక్కటే లేదండి."

"డబ్బుల్లేవమ్మా, డబ్బులుంటే ఎన్ని బస్సులైనా తిప్పుతాం," అన్నాడాయన ఒకరోజు.

"గల్ఫు ఎల్లి మేం పంపిన డబ్బుల్తో ఈ చుట్టుపక్కల ఎన్ని మేడలు లేచేయో చూసేరా? బంగారం కొట్లు లేచేయి, కల్యాణ మండపాలు లేచేయి. మా కోసం ఒక్క బస్సు కొనడానికొచ్చేసరికి డబ్బుల్లేవా?"

మాణిక్యాలరావు మళ్ళీ వెనక వరండా దారి పట్టాడు. మరో రెండు నెలలకు మాత్రం ఆయనే ఒక కబురు చెప్పాడు.

"రూట్లు పెంచమని కొత్త బస్సులకి డబ్బులిచ్చేరమ్మా. ఇచ్చేరంటే మరీ ఎక్కువేం కాదు. బస్సులు గుప్పెడు, అడిగే ఊళ్ళు తట్టెడు. మీ ఊరికి ఓ వారం తిప్పి చూస్తాను. జనం ఎక్కాలి, బస్సు టైముకి అమలాపురం చేరాలి. రెండూ జరిగితే బస్సు మీది. లేదంటే వేరే ఊరికి ఎల్లిపోద్ది. ఆ తరవాత మళ్ళీ నా ఎనకాల వరండాలోకి రాకూడదు."

"ఆయ్," అంది ప్రసన్న.

ఆమెకింత పట్టుదల ఎందుకో ఊరందరికీ తెలుసు. భర్త శివనాగరాజు కొబ్బరి దింపు తీసేవాడు. ఒక వర్షాకాలం పొద్దున్న చెట్టు మీంచి జారాడు, నడుం పోయింది. ఇప్పుడు కూర్చుని కాయలు వలుస్తాడు. ఆయన పడిన ఏడాదే ప్రసన్న కువైట్ వెళ్ళింది, ఎవరింట్లోనో అంట్లు తోమడానికి, ఎవరి పిల్లలకో అన్నం తినిపించడానికి. వెళ్ళేరోజు వీధి వీధంతా వ్యాను చుట్టూ చేరి చేతులూపింది. అత్త సూరమ్మ పక్కన నిలబడ్డ ఎనిమిదేళ్ళ కూతురు దుర్గ కూడా వ్యాను గట్టు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది.

నాలుగేళ్ళ తరవాత ప్రసన్న తిరిగొచ్చింది. వాకిట్లో పెట్టె దించి రెండు చేతులూ చాచింది. దుర్గ లోపలికి పరుగెత్తింది. పరుగెత్తి, పళ్ళెంలో గ్లాసు పెట్టుకుని బయటికొచ్చింది.

"మంచినీళ్ళు తీసుకోండి," అంది.

నాయనమ్మ నేర్పిన పద్ధతి అది. ఇంటికి కొత్తవాళ్ళొస్తే అలాగే ఇవ్వాలి. ఎంత బాగా పెంచావు సూరమ్మా అన్నారు చూడ్డానికొచ్చినవాళ్ళు. సూరమ్మ మురిసిపోయింది. ప్రసన్న ఆ నీళ్ళు తాగింది. అవి ఇవాళ్టికీ గొంతు దిగలేదు. ఇంటికొచ్చి ఏడాది దాటినా ఆ పిల్ల ఇంకా మన్నించే మాట్లాడుతోంది. ఏదడిగినా "అలాగేనండి" అంటుంది. ఎదురు చెప్పదు, అలగదు, అది కావాలి ఇది కావాలని పేచీ పెట్టదు. ప్రసన్నకు ఆ మంచితనం చూస్తే ఏడుపొచ్చేది.

మళ్ళీ విమానం ఎక్కేది లేదని ఆమె ఒట్టు పెట్టుకుంది. అమలాపురంలో ఒక నర్సింగ్‌హోమ్‌లో ఆయాగా కుదిరింది. పొద్దున్న డ్యూటీ. చిక్కు అక్కడే వచ్చింది. ఊళ్ళోంచి మలికిపురం దాకా షేరాటోలో వెళ్ళాలి. ఆటో నిండితేగానీ కదలదు. అది నిండేసరికి మలికిపురంలో అమలాపురం బస్సు వెళ్ళిపోయేది. హెడ్ నర్సు ఒకటికి నాలుగుసార్లు చూసి, పిలిచి చెప్పేసింది. "నువ్వు మంచి మనిషివేనమ్మా. కానీ ఈ నెలాఖరు దాకానే చూస్తాను. తరవాత దగ్గరలో ఉన్న మనిషిని పెట్టుకుంటాను."

ఆ ఉద్యోగం పోతే మిగిలే దారి ఒకటే. ఆ దారికి కాపలా బుల్లిరాజు.

ఊళ్ళో తిరిగే ఆటోలు బుల్లిరాజువే. ఊరి ఆడవాళ్ళను గల్ఫుకి పంపే వీసాలూ ఆయన తెచ్చేవే. మలికిపురం వెళ్ళాలన్నా, కువైట్ వెళ్ళాలన్నా ఆయన చేతిమీదుగా వెళ్ళాల్సిందే. మాట మాత్రం తేనె. "ఎందుకు చెల్లెమ్మా నీకీ తిప్పలు? మంచి ఇల్లు చూసేను. ముసలాళ్ళిద్దరే, పిల్లల గోల లేదు. వీసా నీకోసమే ఆపేను," అనేవాడు ఎదురుపడినప్పుడల్లా, చేతులు కట్టుకుని మరీ. అతి వినయం ధూర్త లక్షణం అన్నారు పెద్దలు. వాళ్ళు బుల్లిరాజు లాంటివాణ్ణి చూసే అని ఉంటారు.

మొదటిరోజు బస్సు ఊళ్ళోకి రాగానే ఆడవాళ్ళు హారతులతో ఎదురెళ్ళారు. అద్దానికి బంతిపూల దండ వేశారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. కొబ్బరికాయలకు కరువు లేని ఊరు కాబట్టి ఇంటికొకటి చొప్పున కొట్టారు. అంతవరకు బాగానే ఉంది. డ్రైవరు బంగారరాజు, కండక్టరు కనకరత్నం నవ్వుకుంటూ కిందికి దిగారు. దిగడమే పొరపాటైంది. సూరమ్మ అరుగు మీద అప్పటికే రెండు అరిటాకులు వేసి ఉన్నాయి.

"ఎంత పొద్దున్నే లేచేరో ఏంటో పాపం. రెండు పెసరట్లు తినెల్లండి బాబూ."

"టైమైపోద్దండి పిన్నిగారూ," అన్నాడు బంగారరాజు.

"నువ్వు కదిల్తే కదయ్యా అది కదిలేది? కూర్చో."

బంగారరాజు కొత్తపేట వైపు మనిషి. వేసిన ఆకు ముందు నుంచి లేచిపోవడం ఎంత తప్పో తల్లి కడుపులోనే నేర్చుకున్నవాడు. కూర్చున్నాడు. పెసరట్టు మీద పెసరట్టు పడింది, పక్కన ఉప్మా పడింది, ఆపైన మీగడ పెరుగు, ఆపైన చెరో బొండం. కనకరత్నం మొహమాటానికి చాలని చెయ్యి అడ్డం పెడితే చేతి మీదే వడ్డించారు.

ఆ మర్నాటి నుంచి వంతులు మొదలయ్యాయి. సూరమ్మ ఇంట్లో తిన్నవాళ్ళు మా ఇంట్లో తినరా అని రెండోరోజు పక్కింటివాళ్ళు పట్టుకున్నారు. మూడోరోజు ఎదురింటివాళ్ళు జున్ను దాచి ఉంచారు. వాళ్ళు తింటున్నంతసేపూ ఎక్కేవాళ్ళకూ తీరుబడి దొరికింది.

"మా పెద్దమ్మ తల దువ్వుకుంటందండి, వచ్చేస్తంది."

"మావయ్యగారు స్నానం చేస్తన్నారండి. ఒక్క నిమిషం."

మన ఊరి బస్సు మన పెద్దమ్మను వదిలేసి ఎలా పోతుంది? హారను కొట్టడానిక్కూడా బంగారరాజుకు మొహమాటమే. ప్రసన్న సీట్లో కూర్చుని చేతులు పిసుక్కునేది. ఎవరినంటుంది? మొదట ఆకు వేసింది సొంత అత్తగారు. పైగా తనూ ఈ నీళ్ళు తాగి పెరిగిన మనిషే. తింటున్నవాళ్ళను లేవమనడానికి నోరు రాలేదు. రోజూ డ్యూటీకి ఆలస్యంగానే వెళ్ళింది. హెడ్ నర్సు గోడ గడియారం వంక చూసి, "ఇంకొక్కసారి," అంది.

వారంలో ఒక్కరోజు మిగిలి ఉండగా, సాయంత్రం తిరుగు బస్సులో కనకరత్నం వచ్చి ప్రసన్న పక్కన కూర్చుంది.

"ఏవీ అనుకోకండి. ఈ రూటు తీసేసేలాగున్నారండి. రోజూ గంట లేటు. ఈ బస్సు అమలాపురం నుంచి మళ్ళీ ఇంకో ఊరు పోవాలి కదా. అక్కడ స్కూలు పిల్లలు ఎండలో నిలబడి నిలబడి ఇంటికెళ్ళిపోతన్నారంట. రోడ్డు బాగోలేదు కాబట్టి మీ ఊరికి బస్సు కుదరదని రాసేస్తారంట."

"రోడ్డు బానే ఉంది కదండీ!"

"బానే ఉందండి. కాయితం మీద పెసరట్టని రాయలేరు కదా." కనకరత్నం నిట్టూర్చింది. "రేపు ఇన్‌స్పెక్టరు గారే స్వయంగా ఎక్కుతారు. రేపొక్కరోజు టైముకి ఎల్తే ఆయనే పైవాళ్ళకి చెప్పుకుంటానన్నారు. అదే ఆఖరండి."

ప్రసన్న బస్సు దిగేసరికి పంచాయతీ ఆఫీసు ముందు షామియానా లేస్తోంది. రోడ్డుకి ఈ పక్క గుంజలు, ఆ పక్క కుర్చీలు. మైకు సెట్టు దింపుతున్నారు. పెద్ద పొయ్యి తవ్వుతున్నారు. మధ్యలో బుల్లిరాజు.

"ఇన్‌స్పెక్టరు గారు వస్తన్నారంట కదా చెల్లెమ్మా. ఊరి మర్యాద చూపించొద్దా? శాలువా కప్పుదాం. మన పెద్దలు నాలుగు మాటలు మాట్లాడతారు. ఊరందరికీ టిఫిను. ఖర్చంతా నాదే!"

చుట్టూ చేరినవాళ్ళు ఆహా అన్నారు, ఎంత మనసు అన్నారు. బస్సు నిలబడితే ఆటోలు మూలపడతాయి. మూలపడే ఆటోల యజమాని బస్సుకి పందిరి వేస్తున్నాడంటే అదేం ప్రేమో ఒక్కడికీ అనుమానం రాలేదు. మర్యాద ముసుగేసుకుని వస్తే ఆ ఊళ్ళో దొంగకైనా పీట వేస్తారు. ప్రసన్నకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. కత్తులూ కర్రలూ లేకుండా, ఊరి చేత్తోనే ఊరి కన్ను పొడుస్తున్నాడు.

"అందరూ ఇనండి," అంది గట్టిగా. "రేపు బస్సుకి ఎవరూ ఏమీ పెట్టొద్దు. ఎవరినీ దింపొద్దు. ఎవరికోసం ఆపొద్దు. పెద్దమ్మైనా, పెదనాన్నైనా, టైముకి రాకపోతే వదిలేసి పోవాల్సిందే. రోడ్డు బాగోలేక కాదు, మనం తినిపించి తినిపించి పోగొట్టుకుంటన్నాం బస్సుని!"

గుంపులో గొణుగుడు లేచింది. తిండి పెడితే బస్సు పోతుందా, ఎక్కడి చోద్యం! ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. కువైట్ వెళ్ళొచ్చాక మనిషే మారిపోయింది.

"పోన్లెండి, పాపం డ్యూటీలు చేసి అలిసిపోయింది," అన్నాడు బుల్లిరాజు జాలిగా. "ఎవరన్నా చెల్లెమ్మకి కుర్చీ ఎయ్యండి."

ఇంట్లో సూరమ్మ పెసలు రుబ్బి, పిండి చేత్తో కలుపుతోంది. కోడలు చెప్పిందంతా వింది. కలపడం ఆపలేదు.

"మన గుమ్మం ముందుకొచ్చిన మనిషికి మంచినీళ్ళు కూడా ఇవ్వొద్దంటావా? మా అత్త చచ్చిపోతా కూడా నాకు అదొక్కటే చెప్పింది. నా వల్ల కాదు ప్రసన్నా. బస్సు పోతే పోనీ. మాట పోకూడదు."

ప్రసన్న ఇన్నాళ్ళూ దాచుకున్నది ఇక దాగలేదు.

"బస్సు పోతే నేను పోతానత్తా! బస్సు ఎనకాలే నేనూ పోతాను, ఇమానం ఎక్కి! నేను కువైట్ నుంచి దిగినరోజు మీ మనవరాలు నాకు మంచినీళ్ళిచ్చింది. పళ్ళెంలో పెట్టి. మీరు మురిసిపోయేరు. ఆరోజు నాకెలా ఉందో ఎప్పుడన్నా అడిగేరా? మర్యాద చుట్టాలకి చేస్తారు. చేసి, సాగనంపుతారు. మీరా బస్సుని చుట్టంలా చూస్తన్నారు. చుట్టం ఉండిపోదు, ఎల్లిపోద్ది! నాకు చుట్టం ఒద్దు. రోజూ వచ్చేది కావాలి. వస్తే ఎవరూ తలెత్తి చూడక్కర్లేనిది కావాలి. నేనూ ఈ ఇంట్లో అలాగే ఉండాలత్తా. నాకు మీ మర్యాదలొద్దు!"

సూరమ్మ చెయ్యి పిండిలోనే ఆగిపోయింది. కాయలు వలుస్తున్న శివనాగరాజు వలవడం ఆపాడు. గుమ్మంలో పుస్తకం పట్టుకుని నిలబడ్డ దుర్గ తల్లి వంక, నాయనమ్మ వంక చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ కొసరి వడ్డించుకోలేదు.

తెల్లారింది. బస్సు రావడం రావడమే మైకులో సన్నాయి అందుకుంది. బస్సు ముందు సీట్లో మాణిక్యాలరావు, చేతికి వాచీ, ఒళ్ళో రాసుకునే అట్ట. రోడ్డు పక్క కుర్చీల మీద కొత్త తువ్వాళ్ళు పరిచి ఉన్నాయి. పళ్ళెంలో శాలువా మడత. నెయ్యి వాసన బస్సులోకి కూడా వచ్చింది. బుల్లిరాజు చేతులు జోడించి రోడ్డుకి అడ్డంగా నిలబడ్డాడు. బంగారరాజు బ్రేకు వేయక తప్పలేదు.

మామూలుగా ఎక్కే జనం ఎక్కారు. ప్రసన్న అందరికన్నా ముందే ఎక్కి ఫుట్‌బోర్డు పక్కన నిలబడింది. మాణిక్యాలరావు లేచాడు.

"పెద్దలు పిలుస్తన్నారు. ఒక్క నిమిషం దిగి దండం పెట్టేసి..."

"దిగకండి," అంది ప్రసన్న. మెట్టు మీద రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"అదేంటమ్మా?"

"దిగితే ఆకేస్తారు. ఆకేస్తే మీరు లేవలేరు. మీరూ గోదారోళ్ళేగా."

ఆయన నిజమే సుమా అన్నట్టు నిలబడిపోయాడు. అంతలో జనాన్ని తోసుకుంటూ ఎవరో వచ్చారు. సూరమ్మ. చేతిలో అట్లకాడ. పెసరట్లు వేయడానికి పిలిచారని తెచ్చుకున్నదది. ఆమె పొయ్యి వైపు వెళ్ళలేదు. నేరుగా వచ్చి బస్సుకీ బుల్లిరాజుకీ మధ్య నిలబడింది.

"తప్పుకో బుల్లిరాజూ."

"అదేంటి సూరమ్మత్తా! మన ఊరి మర్యాద..."

"ఈ ఊళ్ళో ఆకెయ్యడం నా దగ్గరే నేర్చుకున్నారంతా. ఎప్పుడు తియ్యాలో కూడా నేనే చెప్తాను. తప్పుకో!" అట్లకాడ పైకి లేచింది. "ఏమయ్యా బంగారరాజూ, ఇదేమన్నా నీ అత్తారిల్లా, రోజూ తిని కూర్చోడానికి? నడు!"

బంగారరాజు జన్మలో ఎన్నడూ అంత సంతోషంగా తిట్లు తిని ఉండడు. గేరు వేశాడు. బుల్లిరాజు పక్కకి గెంతాడు. కానీ బస్సు పది బారలైనా కదిలిందో లేదో, ముందు మలుపులో రెండు ఆటోలు అడ్డంగా ఆగి ఉన్నాయి. వాటి డ్రైవర్లు టీ కొట్టు దగ్గర దిక్కులు చూస్తున్నారు.

"స్టార్టవ్వట్లేదండి," అన్నాడొకడు.

ప్రసన్న బస్సులోంచి దూకింది. ఎవర్నీ పిలవలేదు. ఒక ఆటోకి భుజం ఆనించి తోసింది. అది జానెడు కదిలింది. వెనకనించి సూరమ్మ చెయ్యి వేసింది. తరవాత పక్కింటామె, ఎదురింటామె, తల సగం దువ్వుకుని దువ్వెన జుట్టులోనే ఉంచుకుని పరిగెత్తుకొచ్చిన పెద్దమ్మ. నిన్న గొణిగినవాళ్ళే సగంమంది. అందులో కువైట్ వెళ్ళొచ్చినవాళ్ళున్నారు, కూతుళ్ళను పంపి ఏడ్చినవాళ్ళున్నారు. ఒక ఆటో గట్టు వాలులోకి దిగింది. రెండోది దాని పక్కన కొబ్బరిమట్టల మీద ఆగింది. దారి తెరుచుకుంది.

"ఎక్కండి, ఎక్కండి!" అని ప్రసన్న దువ్వెనతో సహా పెద్దమ్మను లోపలికి తోసింది. బస్సు కదిలింది. తను ఎక్కబోయేసరికి బుల్లిరాజు మనిషొకడు ముందుకొచ్చి, ఆటో అద్దం పగిలింది దీనికెవరు జవాబుదారు అని చెయ్యి అడ్డం పెట్టాడు. వాణ్ణి విదిలించుకునేలోపు బస్సు ముందుకు వెళ్ళిపోయింది. కొంత దూరంలో వెనక ఎర్రదీపాలు వెలిగాయి. బంగారరాజు అద్దంలో చూశాడు. ఆపుతున్నాడు.

ఆ క్షణంలో ప్రసన్నకు హెడ్ నర్సు మొహం కనబడింది. వీసా కనబడింది. పళ్ళెంలో గ్లాసు కనబడింది. పరుగెత్తితే అందుకోవచ్చు. ఆమె పరుగెత్తలేదు. తనకోసం ఒక్కసారి ఆగితే రేపు ఊరందరికోసం ఆగుతుంది.

"ఆగొద్దు!" అని గొంతు చించుకుని అరిచింది. "ఎవరికోసం ఆగొద్దన్నానా? పో!"

ఎర్రదీపాలు ఆరిపోయాయి. బస్సు మలుపు తిరిగింది.

బుల్లిరాజు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ దగ్గరికొచ్చాడు. చుట్టూ ఇంత జరిగినా గొంతులో తేనె చెక్కు చెదరలేదు. "అయ్యయ్యో, నిన్నే వదిలేసి పోయిందే చెల్లెమ్మా. పర్లేదు, నా ఆటో ఉంది. మలికిపురంలో దింపేస్తాను. డబ్బులొద్దులే."

"ఒద్దండి. మీ ఆటో ఒద్దు, మీ వీసా ఒద్దు. నడిచైనా ఎల్తాను, మీ బండి మాత్రం ఎక్కను."

"ఉద్యోగం పోద్దేమో చూసుకో..."

సైకిలు గంట గణగణా మోగింది. స్కూల్లో ఇచ్చిన సైకిలు మీద దుర్గ. యూనిఫాం వేసుకుంది, ఒక జడే వేసుకుంది, రెండోది విరబోసి ఉంది.

"అమ్మా, ఎక్కు."

ప్రసన్న కదల్లేదు. విన్నది నిజమో కాదో తెలియలేదు.

"అలా చూస్తావేంటి? ఎక్కమంటంటే! బస్సు గట్టు చుట్టూ తిరిగి రావాలి. తోటలోంచి ఎల్తే కాలువ లాకుల దగ్గర అందుకోవచ్చు. కాళ్ళు చక్రం చువ్వల్లో పెట్టకు!"

ప్రసన్న క్యారేజీ మీద కూర్చుంది. సైకిలు వంకరటింకరగా కొబ్బరితోట కాలిబాట పట్టింది. వెనక సూరమ్మ అరుస్తోంది, "గట్టిగా తొక్కవే, నిన్న రాత్రి అన్నం తిన్లేదా!" మట్టలు, బురద, కాలువ మీద అడ్డంగా పడేసిన పాత కరెంటు స్తంభాల వంతెన. అక్కడ దిగి ఇద్దరూ సైకిలు నెట్టారు. మళ్ళీ ఎక్కారు. పిల్ల రొప్పుతోంది. దాని వీపు చెమటకి తడిసింది.

"దిగుతానమ్మా, బరువు," అంది ప్రసన్న.

"నోరు మూసుకుని కూర్చో. ఊగకు."

పదమూడేళ్ళ కూతురు నోరు మూసుకోమంటే ఏ తల్లయినా ఒకటి అంటిస్తుంది. ప్రసన్న ఆ తడి వీపుకి మొహం ఆనించి ఏడ్చింది. ఇంత తియ్యటి మాట కువైట్‌లో ఉన్న నాలుగేళ్ళలోనూ, ఇంటికొచ్చిన ఏడాదిలోనూ వినలేదు.

లాకుల స్టాపులో బస్సు ఆగి ఉంది. ఎవరి కోసమో కాదు, అక్కడ ఎక్కేవాళ్ళు ఎక్కుతున్నారు కాబట్టి ఆగింది. ఆఖరి మనిషి మెట్టు మీద ఉండగా సైకిలు వచ్చి బస్సుకి గుద్దుకున్నంత పని చేసింది. దుర్గ తల్లిని దించి, వీపు మీద చెయ్యి వేసి లోపలికి తోసింది.

"సాయంత్రం ఇదే బస్సుకి వచ్చెయ్. ఆలస్యం చేసేవంటే ఊరుకోను. నాకు లెక్కలు చెప్పాలి."

తలుపు పడింది. బస్సు కదిలింది. లోపల పెద్దమ్మ జరిగి చోటిచ్చింది. కనకరత్నం ఆడవాళ్ళకిచ్చే ఉచిత టిక్కెట్టు చింపి చేతిలో పెట్టింది. ముందు సీట్లోంచి మాణిక్యాలరావు వెనక్కి తిరిగాడు.

"ఏం ఊరమ్మా మీది? శాలువా కప్పనివ్వలేదు. గుక్కెడు మంచినీళ్ళివ్వలేదు. పైగా అట్లకాడతో కొట్టబోయేరు."

"ఆయ్. మా ఊరికి మర్యాద లేదండి," అంది ప్రసన్న, ఇంకా రొప్పుతూనే. "అలాగే రాసుకోండి. పక్కనే టైమెంతైందో అది కూడా రాయండి."

మాణిక్యాలరావు వాచీ చూశాడు. అట్ట మీద ఏదో రాశాడు. రాసి, కలం జేబులో పెట్టుకుంటూ, "రేపు కూడా ఇదే టైమమ్మా. బస్సు వచ్చేస్తాది. మీరే టైముకి రండి," అన్నాడు.

బస్సంతా ఒక్కసారి గోలైపోయింది. ప్రసన్న ఆ గోల్లో కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూసింది. లాకుల మీద దుర్గ అప్పటికే సైకిలు తిప్పేసింది. బడికి టైమైపోతోందని కాబోలు, గబగబా తొక్కుకుంటూ పోతోంది. ఒక్కసారైనా వెనక్కి తిరగలేదు. చెయ్యి ఊపలేదు. సాయంత్రానికి ఇంటికొచ్చేసే మనిషికి చెయ్యెందుకు ఊపుతుంది?